కాలిపోయిన ఇంటికి ఇచ్చిన డబ్బు ఆదాయం ఎలా అయింది?

చేతికి రాని డబ్బు మీద పన్ను కట్టమంటే ఎవరికైనా కడుపు మండుతుంది. అడవి మంటల్లో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న కుటుంబాలకు అమెరికాలో కొన్నేళ్లపాటు ఎదురైంది సరిగ్గా ఇదే. కరెంటు కంపెనీ తీగల వల్ల మంట పుట్టింది. ఊరు కాలిపోయింది. కంపెనీ పరిహారం ఇచ్చింది. అందులో పెద్ద వాటా లాయరు ఫీజుకు పోయింది. పన్ను లెక్కలో మాత్రం ఆ ఫీజుతో సహా మొత్తం సొమ్ము బాధితుల ఆదాయంగానే కనిపించింది. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఒక చట్టం ఈ చిక్కుముడిని చాలామందికి విప్పింది. అయితే దానికి ఒక తేదీ అడ్డం పెట్టారు. ఆ తేదీ తర్వాత డబ్బు అందేవాళ్లకు ఆ చట్టంలో చోటు లేదు.

ఇల్లు పోతే ఇచ్చిన డబ్బు ఆదాయం ఎందుకవుతుంది, చట్టం ఏం మార్చింది, ఎక్కడ ఆగిపోయింది అనేది అర్థం కావాలంటే ముందు ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

డబ్బు ఎక్కడిది?

2018 నవంబర్ 8 తెల్లవారుజామున ఉత్తర కాలిఫోర్నియాలోని బ్యూట్ కౌంటీలో పీజీ అండ్ ఈ అనే కరెంటు కంపెనీకి చెందిన హైటెన్షన్ లైన్ టవర్ మీద, తీగను పట్టి ఉంచే ఒక ఇనుప కొక్కెం తెగింది. దాదాపు వందేళ్ల నాటిది, అరిగీ అరిగీ సన్నబడిపోయింది. తీగ జారి టవర్‌కు తగిలింది, నిప్పురవ్వలు ఎండుగడ్డి మీద పడ్డాయి. ఈదురుగాలికి కొన్ని గంటల్లోనే పారడైజ్ పట్టణం అంటుకుంది. 85 మంది చనిపోయారు. 18 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. క్యాంప్ ఫైర్ అని పిలిచే ఈ మంటే కాలిఫోర్నియా చరిత్రలో అత్యధిక ప్రాణాలు తీసింది. 2020 జూన్‌లో కంపెనీ కోర్టులో 84 మంది మరణానికి బాధ్యురాలినని నేరం ఒప్పుకుంది.

కాలిఫోర్నియాలో ఒక ప్రత్యేకమైన న్యాయసూత్రం ఉంది. కరెంటు కంపెనీ పరికరాల వల్ల మంట పుట్టిందని తేలితే చాలు, నిర్లక్ష్యం ఉందని విడిగా రుజువు చేయకపోయినా ఆస్తి నష్టానికి కంపెనీ పరిహారం ఇవ్వాల్సిందే. 2015 నాటి బ్యూట్ మంట, 2017 అక్టోబర్‌లో నాపా, సొనోమా ప్రాంతాలను తగలబెట్టిన మంటలు, ఆ పైన క్యాంప్ ఫైర్. ఇవన్నీ కలిసి మీద పడేసరికి 2019 జనవరిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. దివాలా ఒప్పందంలో భాగంగా బాధితుల కోసం ఫైర్ విక్టిమ్ ట్రస్ట్ ఏర్పడి 2020 జూలైలో పని మొదలుపెట్టింది. కాగితం మీద దాని విలువ 1,350 కోట్ల డాలర్లు. అందులో సగం నగదు. మిగతా సగం ఏమిటంటే అదే పీజీ అండ్ ఈ కంపెనీ షేర్లు! ఊరు తగలబెట్టిన కంపెనీ షేరు ధర పెరగాలని ఊరు పోగొట్టుకున్నవాళ్లు ఎదురుచూడాల్సి వచ్చిందన్నమాట.

సుమారు 70 వేల మంది క్లెయిమ్ పెట్టుకున్నారు. ట్రస్ట్ ఒక్కొక్కరి నష్టాన్ని లెక్కగట్టి ఒక మొత్తం ఖరారు చేసింది కానీ, అంతా ఇచ్చేందుకు డబ్బు చాలదు కాబట్టి శాతాల్లో విడతలుగా ఇచ్చింది. షేర్లు అమ్మేకొద్దీ శాతం పెంచుకుంటూ పోయి చివరికి 70 దగ్గర్లో ఆగింది. అంటే ఖరారైన నష్టంలో మూడు వంతుల దాకా కూడా రాలేదు. వచ్చినదాంట్లోంచే లాయరు ఫీజు. దాని మీదే పన్ను టెన్షన్.

ఈ డబ్బు దేనికి బదులు?

పరిహారం మీద పన్ను వేసేటప్పుడు అమెరికా పన్ను చట్టం అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ డబ్బు దేనికి బదులుగా వచ్చింది? మనిషి ఎంత బాధపడ్డాడన్నది దానికి అక్కర్లేదు. కోల్పోయిన జీతానికి బదులుగా వస్తే, జీతం మీద పన్ను ఉంది కాబట్టి దీని మీదా పన్నే. ఆస్తికి బదులుగా వస్తే, ఆ ఆస్తిని అమ్మినట్టే లెక్క. కొన్న ధరకు, దాని మీద పెట్టిన ఖర్చుకు మించి వచ్చినదంతా లాభం. ఒంటికి గాయమైతే, ప్రాణం పోతే ఇచ్చే పరిహారానికి మాత్రం పన్ను లేదు. మనోవేదనకు ఇచ్చే పరిహారం విషయంలో 1996లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) తలుపు మూసేసింది. ఒంటి గాయం నుంచి పుట్టిన వేదనైతే పన్ను లేదు, గాయం లేకుండా పడిన వేదనకు ఇస్తే ఆదాయమే. దానికోసం పెట్టిన వైద్యం ఖర్చు మేరకే మినహాయింపు.

పారడైజ్‌లో ఉన్నది ఒకటే రోడ్డు అన్నట్టుగా జనమంతా ఒక్కసారి కార్లలో బయల్దేరి, రెండు పక్కలా మంటల మధ్య గంటలకొద్దీ ఇరుక్కుపోయారు. ఒంటి మీద చిన్న బొబ్బ కూడా లేకుండా బయటపడినవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్ల ఆ అనుభవానికి ట్రస్ట్ విలువ కట్టి ఇచ్చిన డబ్బును పన్ను చట్టం ఆదాయం కింద చూసింది. చెయ్యి కాలితే పన్ను లేదు, చెయ్యి కాలకుండా చావు కళ్లారా చూసి వస్తే పన్ను ఉంది. ఈ తేడాలో తర్కం లేదనలేం. గాయానికి ఆసుపత్రి కాగితం ఉంటుంది, వేదనకు ఉండదు, కాబట్టి దుర్వినియోగం కాకుండా గీసిన గీత అది. కానీ ఆఫీసుల్లో అవమానం జరిగిందని వేసే దావాలను దృష్టిలో పెట్టుకుని గీసిన గీతను ఊరికి ఊరే కాలిపోయిన చోటికి తెచ్చి అతికిస్తే ఇలాగే ఉంటుంది.

ఒక కల్పిత ఉదాహరణ చూద్దాం. ఒంటరిగా ఉండే ఒక రిటైరైన టీచరు. 1990ల్లో ఇల్లు కొన్నారు, మరమ్మతులతో కలిపి మొత్తం పెట్టుబడి 1.30 లక్షల డాలర్లు. మంట నాటికి ఇంటి విలువ, తిరిగి కట్టే ఖర్చు దాన్ని ఎప్పుడో దాటిపోయాయి. ఇన్సూరెన్స్ కంపెనీ 2019లో 2.20 లక్షలు ఇచ్చింది. ఇన్సూరెన్స్ పోను మిగిలిన నష్టం కింద ట్రస్ట్ 4 లక్షలు ఖరారు చేసింది: ఆస్తికి 2.50 లక్షలు, మనోవేదనకు 1.50 లక్షలు. 70 శాతం లెక్కన వచ్చింది 2.80 లక్షలు. లాయరుకు 30 శాతం, అంటే 84 వేలు పోగా ఆవిడ బ్యాంకులో పడింది 1.96 లక్షలు.

ఇప్పుడు పాత చట్టం ప్రకారం లెక్క. మనోవేదన వాటా 70 శాతం లెక్కన 1.05 లక్షలు. ఇదంతా మామూలు ఆదాయం, జీతం మీద వేసినట్టే పన్ను వేస్తారు. నిజానికి అందులో 31,500 లాయరు ఖాతాలోకి వెళ్లాయి, ఆవిడ చూడను కూడా లేదు. ఆస్తి వాటా లెక్క ఇంకో దారి. పెట్టుబడి 1.30 లక్షలైతే ఇన్సూరెన్స్ ఒక్కటే దాన్ని 90 వేలు దాటేసింది కాబట్టి, ట్రస్ట్ నుంచి ఆస్తి కింద వచ్చిన ప్రతి డాలరూ లాభం కిందికే వస్తుంది. ఈ భాగానికి చట్టంలో కొంత ఆసరా ఉంది. సొంతంగా కాపురమున్న ఇల్లయితే ఒంటరి మనిషికి 2.50 లక్షలు, దంపతులకు 5 లక్షల దాకా లాభం మీద పన్ను ఉండదు. అంతకు మించితే, ఆ డబ్బుతో నిర్ణీత గడువులో మరో ఇల్లు కొనుక్కుంటే పన్ను వాయిదా పడుతుంది.

ఆ గడువు దగ్గరే చాలామంది చిక్కుకున్నారు. ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ) విపత్తుగా ప్రకటించిన చోట కాపురమున్న ఇంటికి గడువు నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లు మొదలయ్యేది ట్రస్ట్ డబ్బు వచ్చినప్పుడు కాదు, మొట్టమొదట లాభం తేలిన సంవత్సరం చివరి నుంచి. మన టీచరుకు 2019లో ఇన్సూరెన్స్ డబ్బుతోనే లాభం తేలింది, కాబట్టి గడువు 2023 ఆఖరుకు అయిపోతుంది. ట్రస్ట్ విడతలు అప్పటికి ఇంకా వస్తూనే ఉన్నాయి. పొడిగించమని అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు అర్జీ పెట్టుకోవచ్చు, ఆ సంగతి తెలిసినవాళ్లు పెట్టుకున్నారు కూడా. తెలియనివాళ్ల గురించి వేరే చెప్పక్కర్లేదు.

పన్ను ఒక్కటే అయితే సరే అనుకోవచ్చు. అమెరికాలో రిటైరైనవాళ్లకు ఆదాయం అంకె పెరిగితే చాలా చోట్ల దెబ్బ తగులుతుంది. సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌లో 85 శాతం దాకా పన్ను పరిధిలోకి రావచ్చు. మెడికేర్ (పెద్దవయసువాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్రీమియాన్ని రెండేళ్ల కిందటి ఆదాయాన్ని బట్టి నిర్ణయిస్తారు, అదీ పెరుగుతుంది. మెడికేర్ వయసు రానివాళ్లకు హెల్త్ ఇన్సూరెన్స్ సబ్సిడీ తగ్గుతుంది. పారడైజ్ పెద్దవయసువాళ్లు ఎక్కువగా ఉండే ఊరు. బతుకంతా ఎప్పుడూ లక్ష డాలర్ల ఆదాయం చూడని మనుషులు, ఇల్లు కాలిన పుణ్యమా అని ఒక్క ఏడాది కాగితాల్లో ధనవంతులయ్యారు.

లాయరు ఫీజు మీద పన్ను ఎందుకు?

ఇది 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. పన్నుల శాఖకూ బ్యాంక్స్ అనే వ్యక్తికీ మధ్య నడిచిన కేసులో కోర్టు చెప్పింది ఇదీ: దావా నీది, హక్కు నీది, వచ్చిన సొమ్ము ముందు నీ ఆదాయం. అందులోంచి లాయరుకు ఎంత ఇచ్చుకున్నావన్నది తర్వాతి సంగతి. సరే, ఆదాయంగా చూపించి ఫీజును ఖర్చుగా తగ్గించుకుందాం అంటే, 2017 నాటి పన్ను సంస్కరణల చట్టం అలాంటి ఖర్చుల మినహాయింపును ఎత్తేసింది. ఉద్యోగ వివక్ష లాంటి కొన్ని రకాల కేసులకు వేరే వెసులుబాటు ఉంది, వ్యాపారస్తులకు వ్యాపార ఖర్చు కింద పోతుంది. మనోవేదన పరిహారం తీసుకున్న మామూలు మనిషికే ఏ దారీ లేకుండా పోయింది. (ఆస్తి వాటాకు పడిన ఫీజును ఆస్తి లెక్కలోనే సర్దుకోవచ్చు, కాబట్టి అక్కడ నొప్పి కొంత తక్కువ.)

మరి అవతలి పక్షం సంగతి? పీజీ అండ్ ఈ తన పన్ను లెక్కల్లో ఈ ట్రస్ట్‌ను గ్రాంటర్ ట్రస్ట్‌గా (ట్రస్ట్ ఆస్తి ఇంకా తనదే అన్నట్టు) చూపించేలా 2021లో ఏర్పాటు చేసుకుంది. దాని వల్ల ట్రస్ట్ షేర్లు అమ్మినప్పుడల్లా, అమ్మిన ధర మేరకు కంపెనీకి పన్ను మినహాయింపు దక్కుతుంది. ఇందులో బాధితులకూ లాభం ఉంది, షేర్ల అమ్మకం మీద ట్రస్ట్ పన్ను కట్టక్కర్లేదు, అంత మేరకు పంచడానికి డబ్బు మిగులుతుంది. కాబట్టి దీన్ని మోసం అనలేం. అయినా లెక్క మొత్తం పక్కపక్కన పెట్టి చూడండి. అదే డాలరు ఇచ్చిన కంపెనీకి పన్ను తగ్గించింది, పుచ్చుకున్న బాధితుడికి పన్ను పెంచింది. 2024 చట్టం కోసం పోరాడినవాళ్లకు ఇంతకన్నా బలమైన వాదన అక్కర్లేదని నా అభిప్రాయం.

చట్టం ఎలా వచ్చింది, ఏం చెప్పింది

పారడైజ్ ప్రాంతానికి అప్పటి రిపబ్లికన్ ప్రతినిధి డగ్ లమాల్ఫా, నాపా ప్రాంతపు డెమోక్రాట్ ప్రతినిధి మైక్ థాంప్సన్ కలిసి ఈ మినహాయింపు కోసం బిల్లు పెట్టారు. ఏళ్లు గడిచాయి. 2024 జనవరిలో ప్రతినిధుల సభ 357-70 ఓట్లతో ఒక పెద్ద పన్ను బిల్లును ఆమోదించింది. అడవి మంటల మినహాయింపు దాంట్లో ఒక మూల ఉంది. ఆ బిల్లులో పిల్లలున్న కుటుంబాలకిచ్చే పన్ను తగ్గింపు గురించి, కంపెనీల రాయితీల గురించి పార్టీల మధ్య గొడవ సాగి సెనేట్‌లో ఆగిపోయింది. పెద్దల తగువులో పారడైజ్ జనం ఇరుక్కున్నారు.

అప్పుడు ఫ్లోరిడా రిపబ్లికన్ గ్రెగ్ స్ట్యూబీ అరుదుగా పారే ఒక పాచిక వేశారు. సభ నాయకత్వం చర్చకు తీసుకోని బిల్లును 218 మంది సభ్యుల సంతకాలతో నేరుగా ఓటింగ్‌కు తెప్పించే పద్ధతి ఒకటుంది. సొంత పార్టీ నాయకత్వాన్ని ఎదిరించి సంతకం పెట్టాలి కాబట్టి ఇది సాధారణంగా ఫలించదు. ఈసారి ఫలించింది. స్ట్యూబీకి కావలసింది తుఫాను నష్టాలకు రాయితీ, కాలిఫోర్నియావాళ్లకు కావలసింది మంటల పరిహారానికి మినహాయింపు, ఒహాయోవాళ్లకు తమ ఈస్ట్ పాలస్టీన్ ఊళ్లో జరిగిన రైలు ప్రమాద పరిహారానికి మినహాయింపు. మూడూ ఒకే బిల్లులో కలిశాయి. 2024 మే 21న సభ 382-7 ఓట్లతో ఆమోదించింది. డిసెంబర్ 4న సెనేట్ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. డిసెంబర్ 12న బైడెన్ సంతకం చేశారు. చట్టం పేరులో 2023 అనే ఉంది, బిల్లు పెట్టిన ఏడాది అది.

చట్టంలో అడవి మంటల భాగం చిన్నదే, కానీ ప్రతి మాటా లెక్కలోకి వస్తుంది. 2014 డిసెంబర్ 31 తర్వాత అధ్యక్షుడు ఫెడరల్ విపత్తుగా ప్రకటించిన అడవి మంట లేదా గడ్డిభూముల మంట అయి ఉండాలి. దాని వల్ల కలిగిన నష్టానికి, ఖర్చుకు పరిహారంగా ఒక వ్యక్తికి గానీ, వ్యక్తి తరఫున గానీ అందిన డబ్బును ఆదాయంలో కలపక్కర్లేదు. వేరేచోట తలదాచుకున్న ఖర్చులు, కోల్పోయిన సంపాదన, ఒంటి గాయం, మరణం, మనోవేదన అన్నీ పేరుపేరునా రాశారు. జీతం ఇవ్వాల్సిన యజమానే ఇచ్చిన జీతనష్టం మాత్రం ఇందులోకి రాదు. 'వ్యక్తి తరఫున' అనే మాటతో లాయరు ఫీజు గొడవ కూడా తీరిపోయింది, ఎందుకంటే మొత్తానికి మొత్తం ఆదాయంలోంచి బయటికి పోయింది. మన టీచరు లెక్కలో 2.80 లక్షలూ పన్ను కాగితంలోకి రావు. పెన్షన్ మీద పన్ను, మెడికేర్ ప్రీమియం చిక్కులు కూడా దాంతోపాటే పోతాయి.

ఇన్సూరెన్స్ ఇప్పటికే భరించిన నష్టానికి మళ్లీ పరిహారం వస్తే ఆ భాగానికి ఈ మినహాయింపు లేదు. ఇన్సూరెన్స్ డబ్బుకూ ఇది వర్తించదు, దాని లెక్క పాత పద్ధతిలోనే. ఇదే చట్టం పరిహారం రాని నష్టాన్ని ఆదాయంలోంచి తగ్గించుకునే నిబంధనలనూ సడలించింది, అది వేరే కథ.

ఈ మినహాయింపు ఎప్పుడు అందిన డబ్బుకు? 2019 డిసెంబర్ 31 తర్వాత, 2026 జనవరి 1కి ముందు అందినదానికి. అంటే వెనక్కి కూడా వర్తిస్తుంది. 2020 నుంచీ పన్ను కట్టేసినవాళ్లు 1040-ఎక్స్ అనే సవరణ రిటర్న్ వేసి వాపసు అడిగే వీలు కల్పించారు. మామూలుగా వాపసు అడిగే గడువు రిటర్న్ వేసిన మూడేళ్లకు ముగుస్తుంది కాబట్టి, అప్పటికే చెల్లిపోయిన సంవత్సరాల కోసం ప్రత్యేకంగా 2025 డిసెంబర్ 12 దాకా తలుపు తెరిచి ఉంచారు. ఆ తేదీ తర్వాత కూడా మామూలు మూడేళ్లు మిగిలి ఉన్న సంవత్సరాలకు దారి మూసుకుపోదు. చాలామంది పన్ను భయంతో రిటర్న్‌లో ముందుజాగ్రత్తగా మొత్తం చూపించి కట్టేశారు. అలాంటివాళ్లు గడువు ఇంకా మిగిలిన సంవత్సరాల పాత రిటర్న్‌లు బయటికి తీసి చూసుకోవడం మంచిది.

ఇక పెద్దగా ఎవరూ మాట్లాడని మెలిక ఒకటుంది. రెండు లాభాలు కుదరవు అని చట్టం రాసింది. మినహాయింపు పొందిన డబ్బుతో చేసిన ఖర్చును మళ్లీ మరో చోట తగ్గింపుగా చూపించకూడదు. అలాగే ఆ డబ్బు కారణంగా ఆస్తి పెట్టుబడి విలువ పెరిగినట్టు చూపించకూడదు. ఇల్లు తిరిగి కట్టుకున్నవాళ్లకు ఈ రెండో ముక్క ముఖ్యం. మినహాయింపు డబ్బు రెండు లక్షలు పెట్టి అదే స్థలంలో కట్టారనుకుందాం. పదేళ్ల తర్వాత ఆ ఇల్లు అమ్మితే, ఆ రెండు లక్షలు పెట్టుబడి లెక్కలోకి రావు అనే వాదన ఎదురవుతుంది, లాభం అంత ఎక్కువగా తేలుతుంది. కాపురమున్న ఇంటి మినహాయింపు చాలామందికి దాన్ని కప్పేస్తుంది. అద్దెకిచ్చిన ఇళ్లున్నవాళ్లకు కప్పదు. వాళ్లు ఇప్పుడే మంటలూ పన్నులూ రెండూ తెలిసిన సీపీఏ (మన సీఏ లాంటివాళ్లు) దగ్గర కూర్చుని కాగితాలు దాచుకోవాలి.

రాష్ట్రం పన్ను, మన ఊరి లెక్క

ఫెడరల్ పన్ను పోయినంత మాత్రాన రాష్ట్రం పన్ను దానంతట అది పోదు. ఈ విషయంలో కాలిఫోర్నియా ఫెడరల్ ప్రభుత్వం కన్నా ముందే కదిలింది. ఫైర్ విక్టిమ్ ట్రస్ట్ చెల్లింపులకు, సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ అనే మరో కరెంటు కంపెనీ ఇచ్చిన కొన్ని మంటల పరిహారాలకు 2022లోనే రాష్ట్ర పన్ను తీసేసింది. 2020 మంటల బాధితుల కోసం ఒరెగాన్ 2024లో తన చట్టం మార్చుకుంది.

మన దగ్గర ఇలాంటిదేమైనా ఉందా అని అడిగేవాళ్లకు: ఉంది, ఇంకో రూపంలో. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో భోపాల్ గ్యాస్ బాధితుల పరిహారానికి ఒక ప్రత్యేక క్లాజు, విపత్తుల్లో ప్రభుత్వం గానీ స్థానిక సంస్థలు గానీ ఇచ్చే పరిహారానికి మరో క్లాజు పెట్టారు. రెండింటిలోనూ ఒకే షరతు: ఆ నష్టాన్ని ఇదివరకే ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకుని ఉంటే అంత మేరకు మినహాయింపు లేదు. అమెరికా చట్టంలోని 'రెండు లాభాలు కుదరవు' అన్న ముక్కే ఇది. 2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకైనప్పుడు మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ఇచ్చింది రాష్ట్ర ప్రభుత్వం. అదే డబ్బు కంపెనీ నేరుగా ఇచ్చి ఉంటే విపత్తు క్లాజు అక్కరకు రాదు, వచ్చింది మూలధనమా ఆదాయమా అన్న పాత వాదన మొదలుపెట్టాలి. మన చట్టం ఇచ్చినవాడెవడో చూస్తుంది, అమెరికా చట్టం ఇచ్చిన రోజేదో చూస్తుంది.

బే ఏరియాలో నెలనెలా పీజీ అండ్ ఈ బిల్లు కట్టే తెలుగువాళ్లకు ఇందులో ఇంకో సంబంధం కూడా ఉంది. 2019లో కాలిఫోర్నియా మంటల పరిహారాల కోసం 2,100 కోట్ల డాలర్ల నిధి ఏర్పాటు చేసింది. సగం కంపెనీల వాటాదార్లది, సగం వినియోగదారుల బిల్లుల మీద వేసే చార్జీ. పరిహారం భారం కొంత మీ బిల్లులోనే ఉందన్నమాట.

తేదీ తర్వాత

హవాయిలో 2023 ఆగస్టు 8న లహైనా పట్టణం కాలిపోయింది. వందమందికి పైగా చనిపోయారు, రెండు వేలకు పైగా కట్టడాలు పోయాయి. ఏడాది తిరిగేసరికి, 2024 ఆగస్టులో, సుమారు 400 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ కుదిరింది. అందులో దాదాపు సగం, 199 కోట్లు, హవాయియన్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇవ్వాలి. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీలు మాకూ వాటా కావాలని అడ్డుపడ్డాయి. రాష్ట్ర సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో దారి చూపేదాకా ఆ పేచీ సాగింది. కంపెనీ తన వాటాను నాలుగు సమాన వార్షిక వాయిదాల్లో కడతానంది, మొదటిది 2026 ఆరంభంలో. చట్టంలో రాసిన తేదీతో పోల్చండి. నాలుగు వాయిదాల్లో ఒక్కటి కూడా గడువులో పడదు.

కొలరాడోలో 2021 డిసెంబర్ 30న మార్షల్ మంట వెయ్యికి పైగా ఇళ్లను తినేసింది. అక్కడి కరెంటు కంపెనీ ఎక్సెల్ ఎనర్జీ 64 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది 2025 సెప్టెంబర్‌లో, గడువుకు మూడు నెలల ముందు. లాస్ ఏంజెలెస్ పక్కన ఆల్టడీనాను 2025 జనవరి 7న ఈటన్ మంట కాల్చేసింది. ఎడిసన్ కంపెనీ తన సొంత పరిహార పథకాన్ని ఆ ఏడాది చివరి నెలల్లో తెరిచింది. ఈ మంటలన్నీ ఫెడరల్ విపత్తులే, చట్టం అడిగిన మిగతా షరతులన్నీ సరిపోతాయి. ఏ రోజు చెక్కు చేతికొస్తుందన్నది బాధితుల చేతుల్లో లేదు. అది కోర్టు వాయిదాలు, ఇన్సూరెన్స్ కంపెనీల పేచీలు, కంపెనీ దగ్గరున్న నగదు కలిసి తేల్చే విషయం. తొందరగా రాజీ పడితే పన్ను లేదు, న్యాయమైన మొత్తం కోసం పట్టుబడితే పన్ను ఉంది అన్న పరిస్థితి కంపెనీకి బేరంలో అదనపు బలం ఇస్తుంది.

ఇదే చట్టంలో ఈస్ట్ పాలస్టీన్ రైలు ప్రమాదం గురించిన సెక్షన్ చూస్తే ఈ గడువు మరీ విచిత్రంగా అనిపిస్తుంది. 2023 ఫిబ్రవరి 3న, అంటే ప్రమాదం జరిగిన రోజున, ఆ తర్వాత అందిన పరిహారానికి మినహాయింపు అని రాశారు. ముగింపు తేదీ లేనే లేదు. పక్క పేజీలో మంటల బాధితులకు మాత్రం 2025 ఆఖరు. పన్ను చట్టాలకు గడువులు పెట్టడం వెనక ఒక అలవాటు ఉంది. తాత్కాలికం అంటే ఖజానాకు పడే ఖర్చు అంచనా చిన్నదిగా కనిపిస్తుంది, బిల్లు తేలిగ్గా గట్టెక్కుతుంది. మళ్లీ పొడిగించుకోవచ్చులే అనుకుంటారు.

పొడిగించాలంటూ 2025లోనే కాంగ్రెస్‌లో బిల్లులు పడ్డాయి. పారడైజ్ జనం తమ బిల్లు గట్టెక్కే దాకా ఎన్నేళ్లు చూశారో చూశాం. 2026లో, ఆ తర్వాత చెక్కు అందేవాళ్లు ఆ సంవత్సరపు రిటర్న్ వేసే ముందు గడువు మారిందో లేదో ఐఆర్ఎస్ తాజా సూచనల్లో చూసుకోవాలి. మారకపోతే పాత లెక్కే: దేనికెంత అన్నది సెటిల్‌మెంట్ పత్రంలో విడివిడిగా రాయించుకోవడం, గాయాల వైద్యం కాగితాలు, ఇంటి కొనుగోలు పత్రాలు, మరమ్మతుల బిల్లులు పోగేసుకోవడం, మొదటి ఇన్సూరెన్స్ చెక్కు ఏ ఏడాది వచ్చిందో గుర్తుపెట్టుకుని నాలుగేళ్ల గడువు అక్కణ్నుంచి లెక్కపెట్టుకోవడం. ఆ కాగితాల్లో చాలా వరకు ఇంటితోపాటే కాలిపోయి ఉంటాయి. కొనుగోలు దస్తావేజు నకలు కౌంటీ రికార్డర్ ఆఫీసులో దొరుకుతుంది. పాత రిటర్న్‌ల వివరాలు ఐఆర్ఎస్ దగ్గర దొరుకుతాయి. 1998లో వంటింటికి కొత్త పలకలు వేయించిన బిల్లు మాత్రం ఎక్కడా దొరకదు, దానికి అప్పటి ఫోటో, మేస్త్రీ ఇచ్చే ఉత్తరమే దిక్కు.